ఎంత ఎత్తులో కొలిచారు? నక్షత్రాల వణుకు వెనకున్న అంకెలు

తమిళనాడులోని కావలూరులో, జవ్వాది కొండల మీద 2.34 మీటర్ల అద్దమున్న టెలిస్కోప్ ఒకటి ఉంది. హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి ఇంట పెరిగి, నిజాం కాలేజీలో చదువుకుని, తర్వాత దేశానికి ఆధునిక వేధశాలలు సమకూర్చిన వైను బప్పు పేరే దానికి పెట్టారు. అంత వెడల్పు అద్దం సూత్రప్రకారం 0.05 ఆర్క్‌సెకండ్ల దాకా సన్నని వివరాలను విడదీసి చూపించాలి. ఆర్క్‌సెకండు అంటే డిగ్రీలో 3600వ వంతు. రెండున్నర సెంటీమీటర్ల నాణేన్ని ఐదు కిలోమీటర్ల దూరాన నిలబెడితే మన కంటి దగ్గర చేసే కోణం దాదాపు అంత. కానీ పైనున్న గాలి నక్షత్రపు చుక్కను ఒక ఆర్క్‌సెకండు వెడల్పుకు చెరిపేసిన రాత్రి ఆ 2.34 మీటర్ల అద్దం తీసిన ఫొటోలోనూ, బాల్కనీలో పెట్టుకునే 10 సెంటీమీటర్ల టెలిస్కోప్‌లోనూ కనిపించే వివరం ఇంచుమించు ఒకటే. పెద్ద అద్దం 500 రెట్లకు పైగా వెలుతురు పోగుచేస్తుంది, నిజమే. స్పష్టత మాత్రం గాలి ఇచ్చినంతే.

ఆ వెడల్పునే ఖగోళశాస్త్రంలో సీయింగ్ అంటారు. నక్షత్రపు చుక్క నడిబొడ్డున ఉన్న వెలుగు సగానికి పడిపోయేచోట చుక్క ఎంత వెడల్పుందో ఆర్క్‌సెకండ్లలో చెప్పే అంకె అది. అంకె చిన్నదైతే గాలి మంచిదన్నమాట. ప్రపంచంలో ఏ మూల వేధశాల కట్టాలన్నా ముందు అడిగేది ఈ అంకెనే. అయితే ఎంత ఎత్తు నుంచి కొలిచారో చెప్పకుండా సీయింగ్ ఇంత అని చెబితే అది సగం సమాచారమే. వేధశాలల చరిత్రలో కొన్ని పెద్ద అయోమయాలు ఆ మిగతా సగం దగ్గరే పుట్టాయి.

ముందు గాలి ఏం చేస్తుందో చూద్దాం. సముద్రమట్టం దగ్గర గాలి వక్రీభవన గుణకం 1.00028. శూన్యంతో పోలిస్తే ఆ అదనపు 0.00028 గాలి సాంద్రతను బట్టి ఉంటుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది సుమారు 290వ వంతు తగ్గుతుంది, అంటే 0.000001 మార్పు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. ఇప్పుడు అరమీటరు మందమున్న రెండు గాలి ముద్దలను పక్కపక్కన ఊహించండి, ఒకటి రెండోదానికంటే ఒక డిగ్రీ వేడిగా ఉంది. వాటిలోంచి వచ్చిన కాంతి దారుల మధ్య తేడా 0.5 మీటర్ల × 0.000001, అంటే 0.5 మైక్రాన్లు. అది సరిగ్గా ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం. అరమీటరు గాలి, ఒక డిగ్రీ తేడా చాలు, నక్షత్రం నుంచి ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా వచ్చిన తరంగం ఒక నిండు అల మేరకు ముందువెనకలైపోతుంది. నిజానికి రాత్రి గాలిలో తేడాలు డిగ్రీలో చిన్న భాగాలే. కానీ దారి కిలోమీటర్ల పొడవు, ముద్దలు లెక్కలేనన్ని. ఈ సంగతిలో నన్ను మొదట పట్టుకున్నది ఈ చిన్న గుణకారమే.

ఈ గందరగోళానికీ ఒక క్రమం ఉంది. పెద్ద సుళ్లు విరిగి చిన్న సుళ్లు అవుతూ పోయే తీరును 1941లో రష్యన్ గణితవేత్త కోల్మొగొరోవ్ సూత్రీకరించాడు. తతార్‌స్కీ దాన్ని కాంతి ప్రయాణానికి అన్వయించాడు. 1966లో అమెరికాకు చెందిన డేవిడ్ ఫ్రీడ్ మొత్తాన్నీ ఒకే పొడవులోకి కుదించాడు. దాని గుర్తు r0, అంటే తరంగం ఇంకా నున్నగా ఉందనుకోదగిన అద్దం వెడల్పు. r0కూ సీయింగ్‌కూ సంబంధం చాలా సులువు: సీయింగ్ = 0.98 × తరంగదైర్ఘ్యం ÷ r0. ఆకుపచ్చ కాంతిలో r0 10 సెం.మీ. అయితే సీయింగ్ ఒక ఆర్క్‌సెకండు, 20 సెం.మీ. అయితే అర ఆర్క్‌సెకండు. మొదట చెప్పిన 10 సెంటీమీటర్ల టెలిస్కోప్ పెద్దదానితో సమానంగా నిలవడానికి కారణం ఇదే.

అంకెలో పదో వంతు తేడాకు అంత పట్టింపు ఎందుకంటే, దాన్ని సమయంలోకి మార్చి చూడాలి. మసక నక్షత్రాన్ని ఆకాశపు నేపథ్య వెలుగులోంచి వేరుచేయడానికి పట్టే సమయం సీయింగ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సీయింగ్ 0.7 ఉన్న రాత్రి గంటలో అయ్యే పని 1.0 ఉన్న రాత్రి రెండు గంటలు పడుతుంది. అంటే మంచి గాలి ఉన్న కొండ మీద ఒక టెలిస్కోప్ మామూలు కొండ మీద రెండింటి పని చేస్తుంది.

గాలి వణుకుతోందని 1704 నాటి ‘ఆప్టిక్స్’లో న్యూటనే రాశాడు. మందు కూడా చెప్పాడు, ఎత్తైన కొండలకు వెళ్లమని. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా కొలత మాత్రం కంటి అంచనాగానే ఉండిపోయింది. ఆంటోనియాడి ఐదు మెట్ల కొలమానం, పికరింగ్ పది మెట్ల కొలమానం ఔత్సాహికులు ఇప్పటికీ వాడుతున్నారు, వాడాలి కూడా. కానీ ఒకరి ఏడు ఇంకొకరికి ఎనిమిది. రెండు కొండలను పోల్చడానికి అది చాలదు.

నిజమైన కొలత ఎక్కడ కష్టమైందంటే, టెలిస్కోప్‌లో నక్షత్రం కదిలినట్లు కనిపిస్తే అది గాలి వల్లనో, గొట్టాన్ని ఈదురుగాలి ఊపడం వల్లనో, గొట్టాన్ని తిప్పే మోటారు తడబాటు వల్లనో తెలియదు. దీనికి దొరికిన పరిష్కారం ఎంత తేలికో అంత అందమైనది. 30 సెంటీమీటర్ల టెలిస్కోప్ మూతికి ఒక రేకు బిగించి దానికి 6 సెం.మీ. రంధ్రాలు రెండు, వాటి మధ్య దూరం 24 సెం.మీ. ఉండేలా పెడతారు. ఒక రంధ్రానికి పలుచని పట్టకం అమర్చుతారు. అప్పుడు ఒకే నక్షత్రం కెమెరాలో రెండు చుక్కలుగా పడుతుంది. టెలిస్కోప్ ఊగితే రెండు చుక్కలూ కలిసే ఊగుతాయి, వాటి మధ్య దూరం మారదు. దూరం మారిందంటే రెండు రంధ్రాల ముందున్న గాలి వేరువేరుగా కదిలిందన్నమాటే. ఈ పరికరం పేరు డిమ్. 1990లో సరజాన్, రోడియే యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ కోసం దీన్ని స్థిరమైన రూపానికి తెచ్చారు. అప్పటి నుంచి వేధశాల స్థలం వెతికేవాళ్లందరి చేతిలో ఉన్నది ఇదే.

అంకెలు వేసి చూద్దాం. r0 10 సెం.మీ. ఉన్న రాత్రి, అంటే సీయింగ్ ఒక ఆర్క్‌సెకండు ఉన్నప్పుడు, పైన చెప్పిన కొలతల డిమ్‌లో చుక్కల మధ్య దూరం, వాటిని కలిపే గీత వెంట, సగటుకు అటూ ఇటూ సుమారు 0.55 ఆర్క్‌సెకండ్లు ఊగుతుంది. ఆ గీతకు అడ్డంగా అయితే 0.47. ఈ రెండింటి నుంచి వేరువేరుగా సీయింగ్ లెక్కిస్తే ఒకే జవాబు రావాలి. రాకపోతే పరికరంలోనో, మనం గాలి గురించి అనుకున్నదానిలోనో తేడా ఉంది. పరికరం తన తప్పును తానే పట్టిచ్చే ఏర్పాటు ఇది.

ఇంకో జాగ్రత్త కెమెరా కన్ను తెరిచి ఉంచే సమయం. గాలి కదలిక కొన్ని మిల్లీసెకండ్లలో మారిపోతుంది. కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్క అటూ ఇటూ పోయిందంతా సగటైపోయి ఊగు తక్కువగా నమోదవుతుంది. లేని మంచితనం గాలికి అంటగట్టినట్లవుతుంది. అందుకే ఒక్కో చిత్రానికి 5 నుంచి 10 మిల్లీసెకండ్లే ఇస్తారు. నిమిషంలో 200 చిత్రాలు తీశారనుకుందాం. గణాంక సూత్రం ప్రకారం ఊగు వర్గపు విలువలో 10 శాతం అనిశ్చితి మిగులుతుంది, సీయింగ్‌లో 6 శాతం. కాబట్టి ఈ నిమిషం 0.80, మరుసటి నిమిషం 0.84 వచ్చినంత మాత్రాన గాలి చెడిందనుకోనక్కర్లేదు. ఒక్క రాత్రి వచ్చిన ఒక్క అంకెతో స్థలం గురించి ఏమీ చెప్పలేం. ఏళ్ల తరబడి కొలిచి మధ్యగతం తీస్తారు. సగం సమయం గాలి అంతకంటే బాగుంది, సగం సమయం బాగా లేదు అని చెప్పే విలువ అది.

డిమ్ నేల నుంచి ఆకాశం చివరిదాకా ఉన్న మొత్తం వణుకును ఒకే అంకెగా చెబుతుంది. ఏ ఎత్తులో ఎంత ఉందో చెప్పదు. దానికి మాస్ అనే ఇంకో పరికరం ఉంది. టొకొవినిన్, కోర్నిలోవ్‌లు దీన్ని రూపొందించారు. ఇది చుక్క కదలికను పట్టించుకోదు, నక్షత్రపు మిణుకును కొలుస్తుంది. ఒకదాని చుట్టూ ఒకటిగా ఉన్న నాలుగు వలయాల్లో పడే వెలుగు హెచ్చుతగ్గులను పోల్చి, అర కిలోమీటరు నుంచి 16 కిలోమీటర్ల దాకా ఆరు పొరల్లో వణుకును విడగొడుతుంది. మిణుకు పుట్టాలంటే సుడికీ అద్దానికీ మధ్య దూరం కావాలి. నేలనంటి ఉన్న గాలి చుక్కను చెరిపేస్తుంది కానీ మిణుకు పుట్టించదు, కాబట్టి మాస్‌కు అది కనిపించదు. ఆ లోపమే ఇక్కడ పనికొస్తుంది. డిమ్ విలువలోంచి మాస్ విలువ తీసేస్తే మిగిలేది నేల పొర.

ఈ తీసివేత మామూలు తీసివేత కాదు. పొరల సీయింగ్‌లను ఒక్కొక్కదాన్ని 5/3 ఘాతానికి పెంచి కూడాలి. మొత్తం 1.0, పై పొరలది 0.5 అయితే నేల పొరది 0.5 అనుకుంటాం. లెక్క చేస్తే 0.8 వస్తుంది. 0.5, 0.8 కలిసి 1.0. అంటే వణుకులో మూడింట రెండు వంతులకు పైగా నేల దగ్గరే ఉంది. సగం సగం అనుకున్న చోట అసలు దోషి ఎవరో ఈ ఘాతం బయటపెట్టింది.

ఇప్పుడు అంటార్కిటికాకు వెళ్దాం. 3200 మీటర్లకు పైగా ఎత్తున్న మంచు పీఠభూమి మీద డోమ్ సి అనే చోటు ఉంది. 2004లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన కొలత ప్రకారం అక్కడి సీయింగ్ మధ్యగతం 0.27 ఆర్క్‌సెకండ్లు, నాలుగో వంతు సమయం 0.15 కంటే తక్కువ. భూమ్మీద అంతకుముందు ఎక్కడా ఇలాంటి అంకె చూడలేదు. అయితే ఆ కొలత నేలకు 30 మీటర్ల పైనున్న గాలికి సంబంధించినది. రచయితలు ఆ మాట స్పష్టంగానే రాశారు. ఆ తర్వాత శీతాకాలపు చీకట్లో అక్కడే ఉండి 8.5 మీటర్ల ఎత్తు నుంచి డిమ్‌తో కొలిచినవాళ్లకు వచ్చిన మధ్యగతం 1.3. మంచి కొండల వరుసలో దానికి చోటు దొరకదు. బెలూన్లకు సెన్సర్లు కట్టి వదిలితే రహస్యం తేలింది: నేలనంటి సుమారు 36 మీటర్ల మందంలో అల్లకల్లోలమైన పొర ఉంది, దాని పైన సీయింగ్ 0.36. పై సూత్రంతో మనమే సరిచూసుకోవచ్చు. 0.36ను 1.3తో భాగించి 5/3 ఘాతానికి పెంచితే 0.12. అంటే వణుకులో 88 శాతం ఆ కాస్త మందంలోనే, పైనున్న కిలోమీటర్ల గాలి అంతటిలో 12 శాతమే. మంచు తనలోని వేడిని ఆకాశానికి పోగొట్టుకుని నేల గాలిని బాగా చల్లబరుస్తుంది, పైగాలి దానికంటే వెచ్చగా ఉంటుంది, ఆ రెండూ ఒకదానిపై ఒకటి జారేచోట సుళ్లు పుడతాయి.

రెండు కొలతలూ నిజమే. ఎత్తే వేరు.

తర్వాత చైనా శాస్త్రవేత్తల బృందం ఇంకా ఎత్తైన డోమ్ ఎ దగ్గర ఇంచుమించు అదే ఎత్తులో, 8 మీటర్ల దగ్గర కొలిచింది. ఫలితం 2020లో వచ్చింది. అక్కడ నేల పొర మందం మధ్యగతం 14 మీటర్లే. ఆ పొర ఇంకా కిందికి కుంచించుకుపోయిన సమయాల్లో 8 మీటర్ల నుంచే పైగాలి దొరికింది, అప్పటి మధ్యగతం 0.31. 36 మీటర్ల స్తంభం మీద పెద్ద టెలిస్కోప్ నిలబెట్టడానికీ 14 మీటర్ల స్తంభం మీద నిలబెట్టడానికీ ఉన్న తేడా ఇంజినీర్లకు చెప్పనక్కర్లేదు.

చిలీ ఎడారిలో పరనాల్ కొండది ఇంకో రకం కథ. స్థలం ఎంచుకున్నప్పుడు డిమ్ మధ్యగతం 0.65 దగ్గర ఉండేది. వీఎల్‌టీ అనే నాలుగు 8.2 మీటర్ల టెలిస్కోప్‌లు పనిచేయడం మొదలయ్యాక, ఏళ్లు గడిచే కొద్దీ డిమ్ చూపించే గాలి చెడుతూ వచ్చింది. విచిత్రంగా ఆ పెద్ద టెలిస్కోప్‌లు తీసే చిత్రాలు మాత్రం చెడలేదు. ఎవరిని నమ్మాలి? 2008లో సరజాన్, ఆయన సహచరులు తేల్చినదేమంటే డిమ్ నేలకు సుమారు 6 మీటర్ల ఎత్తులో ఉంది, పెద్ద టెలిస్కోప్‌లు అంతకంటే పైన ఉన్నాయి. మధ్యలో ఉన్న పలుచని పొర డిమ్‌ను మాత్రమే తాకుతోంది. గాలిని కొలవడానికి పెట్టిన పరికరం, టెలిస్కోప్‌కు సంబంధం లేని గాలిని కూడా కలిపి కొలుస్తోంది. అటువంటి పరికరం మీద ఆధారపడి ఆ రాత్రి ఏ పరిశీలన చేయాలో నిర్ణయిస్తుంటే, మంచి రాత్రులు చెడ్డ ఖాతాలో పోయే ప్రమాదం ఉంటుంది.

ఈ పాఠాల తర్వాత జరిగిన అతి శ్రద్ధగల అన్వేషణ ముప్పై మీటర్ల టెలిస్కోప్‌ది. ఇందులో మన దేశం కూడా భాగస్వామి. ఐదు కొండల మీద ఒకే నమూనా డిమ్, మాస్ జంటను 7 మీటర్ల గోపురాల మీద పెట్టి ఏళ్లపాటు కొలిచారు. చిలీలోని ఆర్మజోనెస్ మధ్యగతం 0.64. హవాయిలోని మౌనకియాది 0.75. ఇక్కడితో ఆపితే చిలీ గెలిచినట్లే. మాస్ చూపించిన పైగాలి అంకెలు చూడండి: ఆర్మజోనెస్ 0.43, మౌనకియా 0.33. వరుస తిరగబడింది. మధ్యగతాలతోనే మోటుగా లెక్క కడితే మౌనకియా వణుకులో ముప్పాతిక వంతు కింది అర కిలోమీటరు లోపలే ఉంది, ఆర్మజోనెస్‌లో దాదాపు సగం. 2009లో ఆ టెలిస్కోప్‌కు మౌనకియానే ఎంచుకున్నారు. మరుసటి ఏడాది యూరప్ వాళ్లు తమ భారీ టెలిస్కోప్‌కు ఆర్మజోనెస్ తీసుకున్నారు. ఆ ఎంపికలకు ఇతర కారణాలూ చాలా ఉన్నాయి. మౌనకియా స్థానికులకు పవిత్రమైన కొండ, అక్కడి అభ్యంతరాలతో నిర్మాణం ఆగింది, అది గాలి కొలతలు తేల్చగల విషయం కాదు. కానీ డిమ్ పట్టిక ఒక్కటే చూసి కొండకు మార్కులు వేయకూడదని ఈ రెండు వరుసలూ తేల్చాయి.

కింది పొర వణుకును అంతగా వెతికి పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది: దాన్ని సరిదిద్దడం తేలిక. గాలి చెరిపిన తరంగాన్ని, ఆకారం మార్చుకునే అద్దంతో అప్పటికప్పుడు సరిచేసే అడాప్టివ్ ఆప్టిక్స్‌కు ఎంత శ్రమ పడాలో r0 చెబుతుంది. 8 మీటర్ల అద్దం మీద 10 సెం.మీ. ముక్కలుగా సరిదిద్దాలంటే 80 × 80, అంటే 6400 చోట్ల అద్దాన్ని తోయాలి. గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంటే ఆ ఆకారం సుమారు 3 మిల్లీసెకండ్లలో పాతబడిపోతుంది. 2.2 మైక్రాన్ల పరారుణ కాంతికి మారితే r0 10 నుంచి 59 సెం.మీ.కు పెరుగుతుంది, 6400 కాస్తా 180 అవుతుంది. ఈ సాంకేతికత పరారుణంలో ముందు ఎదిగింది అందుకే. పై పొరల వణుకు ఆకాశంలో ఒక్కో దిక్కున ఒక్కోలా ఉంటుంది కాబట్టి దాన్ని సరిదిద్దితే చిన్న ముక్కే బాగుపడుతుంది. నేల పొర అన్ని దిక్కుల నక్షత్రాలకూ ఉమ్మడి. దాన్ని ఒకసారి సరిచేస్తే విశాలమైన చిత్రమంతా పదునెక్కుతుంది. వీఎల్‌టీలో ఒకదానికి 1170 చోట్ల తోయగల రెండో అద్దం, నాలుగు లేజర్లు అమర్చి 2017 నుంచి ఈ పని చేస్తున్నారు.

మన దగ్గర ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ ఎంపికలోనూ నేల గాలిని విడిగా కొలిచారు. స్తంభానికి వేరువేరు ఎత్తుల్లో అతి సున్నితమైన ఉష్ణోగ్రతా సెన్సర్లు కట్టి, చెరుపులో పెద్ద వాటా నేల దగ్గరి గాలిదేనని గుర్తించారు. 2016లో అక్కడ ప్రారంభమైన 3.6 మీటర్ల టెలిస్కోప్‌ను నేల నుంచి పైకి లేపి కట్టారు. దాదాపు 4500 మీటర్ల ఎత్తున్న లద్దాఖ్‌లోని హాన్లేలో 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. అక్కడే పది మీటర్లకు మించిన అద్దంతో జాతీయ టెలిస్కోప్ కట్టాలన్న ప్రతిపాదన కూడా ఉంది. అంత డబ్బు, అంతమంది జీవితకాలపు శ్రమ పోసేటప్పుడు గట్టిగా అడగాల్సిన అంకెలు ఇవి: నేల నుంచి ఎన్ని మీటర్లలో ఎంత వణుకు, ఏ నెలలో ఎంత, తెల్లవారుజామున ఎంత, గాలి లోయ వైపు నుంచి వీచినప్పుడు ఎంత. అంకె ఏ తరంగదైర్ఘ్యానికో, నడినెత్తికి సరిచేసినదో కాదో కూడా పక్కనే రాసి ఉండాలి. నక్షత్రం దిగంతానికి 30 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి 1.0 కాస్తా 1.5 అవుతుంది మరి. ఈ పట్టిక చేతిలో ఉంటే టెలిస్కోప్ కాళ్లు 10 మీటర్లుండాలా 20 మీటర్లుండాలా అన్నది కాంక్రీటు పోయకముందే తేల్చుకోవచ్చు.